హెచ్చరిక ఒక్కటే చాలదు, ఆగిపోయే వీలు కూడా ఇవ్వండి: అల్లర్లున్న దేశాలకు ప్రయాణాలపై బహిరంగ లేఖ

విదేశాంగ శాఖల అధికారులకు, రాయబార కార్యాలయాల సిబ్బందికి, విమాన సంస్థలకు, ప్రయాణ బీమా కంపెనీలకు, టూర్ ఏజెన్సీల యాజమాన్యాలకు,

నమస్కారం.

ఈ సంగతులన్నీ మీలో నలుగురికి ఇదివరకే విడివిడిగా రాశాను. ఒకచోటి నుంచి “మీ ఫిర్యాదు అందింది” అని మెయిల్ వచ్చింది, అంతే. ఇంకోచోట ఫిర్యాదుకి నంబర్ ఇచ్చి, కొన్నాళ్లకి “పరిష్కారమైంది” అని మూసేశారు. ఏం పరిష్కరించారని అడిగితే జవాబు లేదు. మిగతా ఇద్దరి నుంచి ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. రేపు ఇంకో దేశంలో గొడవలు మొదలైతే ఇంకో కుటుంబానికి ఇదే గతి పట్టకూడదన్నదే నా బాధ.

ముందు జరిగింది చెబుతాను.

మా అక్క, బావగారు ఒక ప్యాకేజీ టూర్‌కి బయల్దేరాల్సిన వారంలోనే ఆ దేశంలో ఆందోళనలు మొదలయ్యాయి. ఆ దేశం పేరు రాయను. నా ఫిర్యాదు ఆ దేశం మీద కాదు, అక్కడి మనుషుల మీద అసలే కాదు. టీవీలో టైర్లు తగలబడుతుండటం చూసి అక్క వరసగా ఫోన్లు చేసింది. టూర్ ఏజెన్సీ వాళ్లు “హోటళ్లకి డబ్బు కట్టేశాం మేడం, మీరు రాకపోతే పైసా తిరిగి రాదు” అన్నారు. విమాన సంస్థ వాళ్లు “ఫ్లైట్ నడుస్తోందండీ, మేం రద్దు చేస్తేనే రీఫండ్” అన్నారు. బీమా కంపెనీ వాళ్లు “ప్రభుత్వం వెళ్లొద్దని చెప్పలేదు కదా, భయపడి మీరే మానుకుంటే క్లెయిమ్ కుదరదు” అన్నారు. విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్నదల్లా “అప్రమత్తంగా ఉండండి, జనం గుమిగూడే చోట్లకు వెళ్లకండి” అన్న రెండు వాక్యాలే.

ఈ నాలుగు మాటలూ కలిపి చూడండి. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బంతా వదులుకోవాలి, లేదా విమానం ఎక్కాలి. వాళ్లు విమానం ఎక్కారు.

దిగిన కొద్ది రోజులకే రాజధానిలో కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ పోయింది. హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి రిజిస్టర్‌లోంచి ఒక కాగితం చింపి, ఎంబసీ నంబర్‌ని పెద్ద పెద్ద అంకెలతో రాసి లిఫ్ట్ పక్కన అంటించిందట. ఉన్న ఒక్క ల్యాండ్‌లైన్ దగ్గర అందరూ వరసలో నిలబడి ఆ నంబర్‌కి చేశారు. అవతల ఆఫీసు వేళలు చెప్పే రికార్డు తప్ప మనిషి గొంతు వినబడలేదు. బావగారి బీపీ మాత్రలు టూర్ రోజులకి సరిపడా మాత్రమే ఉన్నాయి. మందుల షాపులు మూసేశారు. అక్క ఆయన షేవింగ్ బ్లేడుతో ఒక్కో మాత్రనూ రెండు ముక్కలు చేసి, పూటకి సగం చొప్పున ఇచ్చింది.

తిరిగొచ్చాక బీమా క్లెయిమ్ పెట్టాం. కుదరదన్నారు. కారణం ఏం రాశారో మీరే చూడండి: గొడవలు మొదలయ్యాక బయల్దేరారు కాబట్టి ఇది “ముందే తెలిసిన ప్రమాదం” అట. బయల్దేరక ముందు ఆగిపోవడానికి సరిపోని ప్రమాదం, తిరిగొచ్చి డబ్బు అడిగేసరికి ముందే తెలిసిన ప్రమాదం అయింది. ఒకే కంపెనీ, ఒకే పాలసీ, ఒకే గొడవ. ఈ లేఖ మొత్తానికి మూలం ఇదే. జనం తెలియక ప్రమాదంలోకి వెళ్తారని మీరు అనుకుంటున్నారు. చాలామంది తెలిసే వెళ్తున్నారు, ఆగిపోతే నష్టం మొత్తం తామే భరించాలి కాబట్టి.

ఎవరూ ఊహించలేని ఆపద అని మీలో కొందరు అనవచ్చు. గొడవ ఏ రోజు మొదలవుతుందో ఊహించలేం, నిజమే. మొదలయ్యాక ఏమవుతుందో మాత్రం ప్రపంచం చాలాసార్లు చూసింది.

2008 నవంబర్ 25న బ్యాంకాక్‌లో ఆందోళనకారులు సువర్ణభూమి విమానాశ్రయాన్ని ఆక్రమించారు. నగరంలోని రెండో విమానాశ్రయం డాన్ ముయాంగ్ కూడా మూతపడింది. డిసెంబర్ మొదటి వారం దాకా లక్షలాది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. చివరికి ఊ-తపావ్ అనే నౌకాదళ స్థావరం నుంచి విమానాలు నడపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో వీధుల్లో తిరగడం పెద్ద ప్రమాదం కాదు, దేశం దాటడమే కష్టం. 2011 జనవరిలో ఈజిప్టులో పరిస్థితి ఇంకోలా ఉంది. జనవరి 28న ఇంటర్నెట్, మొబైల్ ఫోన్లు రెండూ ఆపేశారు. కాల్స్ మర్నాడు వచ్చినా ఇంటర్నెట్ ఫిబ్రవరి 2 దాకా రాలేదు. బ్యాంకులు వారం పాటు మూసేశారు. కైరో విమానాశ్రయంలో వేలమంది నేల మీదే పడుకున్నారు. విమానాశ్రయం ఉన్నా, అక్కడిదాకా చేరడమూ టికెట్ మార్చుకోవడమూ కష్టమైపోయాయి.

2022 జనవరి 5న కజకిస్థాన్‌లోని ఆల్మటీలో గుంపులు విమానాశ్రయంలోకి చొరబడ్డాయి. అదే రోజు దేశమంతా ఇంటర్నెట్ పోయింది. దాంతో కార్డులు పనిచేయలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. జేబులో నోట్లు ఉన్నవాళ్లకే తిండి దొరికింది. విమానాశ్రయం మళ్లీ తెరిచింది జనవరి 13న. అదే ఏడాది డిసెంబర్‌లో పెరూ అధ్యక్షుణ్ని పదవి నుంచి తొలగించాక, కొండ మీది పురాతన పట్టణం మాచు పిచుకి వెళ్లే రైళ్లు ఆగిపోయాయి. కొండ కింది ఊళ్లో వందలమంది పర్యాటకులు చిక్కుకున్నారు. ఓపిక ఉన్నవాళ్లు రైలు పట్టాల వెంబడి గంటల తరబడి నడిచి బయటపడ్డారు. నడవలేని పెద్దవాళ్ల కోసం హెలికాప్టర్లు తేవాల్సి వచ్చింది.

2024 జూలై 18న బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్ ఆపేశారు, మర్నాటి అర్ధరాత్రి నుంచి కర్ఫ్యూ. మొబైల్ డేటా 28వ తేదీకి గానీ తిరిగి రాలేదు. 2025 సెప్టెంబర్ 4న నేపాల్ ప్రభుత్వం సోషల్ మీడియాను నిషేధించింది. 8న కాల్పుల్లో 19 మంది చనిపోయారు. 9న ప్రధాని రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం తగలబడింది, పెద్ద హోటళ్లకు కూడా నిప్పుపెట్టారు, కాఠ్‌మాండూ విమానాశ్రయం మూసేశారు. నిషేధం నుంచి విమానాశ్రయం మూసేదాకా పట్టుమని వారం కూడా లేదు. ఆ వారం మొదట్లో వెబ్‌సైట్‌లో పెట్టిన “అప్రమత్తంగా ఉండండి” చివర్లో ఎవరికి పనికొస్తుంది?

ఇన్ని అనుభవాల్లో మళ్లీ మళ్లీ కనిపించేవి మూడే. విమానాశ్రయమో, దానికి వెళ్లే రోడ్డో మూతపడుతుంది. ఫోన్, ఇంటర్నెట్ పోతాయి. వాటితోపాటే డబ్బు తీసుకునే దారి పోతుంది. మీ ఏర్పాట్లేమో ఈ మూడూ సవ్యంగా ఉంటాయన్న లెక్క మీద కట్టారు. యాప్‌లో చూసుకోండి, ఆన్‌లైన్‌లో అప్లై చేయండి, కార్డుతో కట్టండి, విమానాశ్రయానికి రండి అంటారు. సరిగ్గా అవసరమైన రోజున వీటిలో ఒక్కటీ పనిచేయదు.

మేము అడుగుతున్నవి ఇవి.

1. విమాన సంస్థలకు: “ఫ్లైట్ నడుస్తోంది” అన్న ఒక్క కారణంతో రీఫండ్ నిరాకరించకండి. ఒక నగరంలో కర్ఫ్యూ పెట్టినా, అత్యవసర పరిస్థితి ప్రకటించినా, దేశవ్యాప్తంగా ఇంటర్నెట్ ఆపేసినా, ఆ రోజు నుంచి ఆ నగరం టికెట్లన్నిటికీ తేదీ మార్చుకునే వీలు, వద్దనుకుంటే పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి. చాలాసార్లు మీరే స్వచ్ఛందంగా తేదీ మార్పుకి ఒప్పుకుంటున్నారు, కాదనను. అయితే అది మీ దయగా కాకుండా టికెట్ షరతుల్లో రాతపూర్వకంగా ఉండాలి. యూరప్‌లో విమాన ప్రయాణికుల హక్కుల మీద ఉన్న 261/2004 నిబంధన రాజకీయ అస్థిరతను అసాధారణ పరిస్థితిగా గుర్తించి నష్టపరిహారం నుంచి మీకు మినహాయింపు ఇచ్చింది. అదే నిబంధన ప్రకారం విమానం రద్దయితే టికెట్ డబ్బో ఇంకో విమానమో ఇవ్వడం, ఎదురుచూసినన్నాళ్లూ తిండి, బస చూడటం మాత్రం మీ బాధ్యతే. ఆ రెండో సగం కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. ఇంకో మాట. దేశం వదిలిపోవడానికి జనం ఎగబడే రోజుల్లో మీ కంప్యూటర్లు గంట గంటకీ ఛార్జీ పెంచుకుంటూ పోతాయి. ఆ దేశం నుంచి బయటికి వచ్చే టికెట్లకి అలాంటప్పుడు ఒక పరిమితి పెట్టండి.

2. బీమా కంపెనీలకు: ప్రమాదం ఏ తేదీ నుంచి “తెలిసినట్టు” లెక్కో ఆ తేదీని మీరే ప్రకటించండి. ఆ తేదీకి ముందు పాలసీ కొన్నవాళ్లు ప్రయాణం మానుకుంటే డబ్బివ్వాలి. ఆ తేదీ ఇంకా ప్రకటించకపోతే, వెళ్లి చిక్కుకున్నవాళ్లకి డబ్బివ్వాలి. రెండు వైపులా కాదనడం కుదరదు. యుద్ధం, తిరుగుబాటు, పౌర అల్లర్లు పాలసీలో చేరవన్న సంగతి ఎక్కడో ముప్పయ్యో పేజీలో చిన్న అక్షరాలతో కాకుండా మొదటి పేజీలోనే పెద్దగా రాయండి. “అత్యవసర తరలింపు” అని ప్రకటనల్లో వేస్తారు. అది జబ్బు చేసినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లడానికే తప్ప అల్లర్లలోంచి బయటికి తీసుకురావడానికి కాదని, చాలా పాలసీల్లో రెండోదానికి వేరే కట్టాలని, కొనేవాడికి అమ్మే రోజునే చెప్పండి. ప్రభుత్వం వెళ్లొద్దన్న చోటికి వెళ్తే పాలసీ చెల్లకపోవచ్చన్నదీ అంతే.

3. విదేశాంగ శాఖలకు, రాయబార కార్యాలయాలకు: మీ దగ్గర అడగాల్సినవి ఎక్కువ. ఎందుకంటే మీ మాట మీదే మిగతా ముగ్గురూ ఆధారపడుతున్నారు.

అమెరికా 2018 నుంచి నాలుగు స్థాయుల్లో ప్రయాణ సూచనలు ఇస్తోంది, ఆస్ట్రేలియా పద్ధతీ అలాంటిదే. అన్ని దేశాలూ అలా స్థాయులు పెట్టాలి. అయితే స్థాయి ఒక్కటి చెబితే సరిపోదు. ఏ నగరంలో, ఏ రోడ్డు మీద, ఏ సరిహద్దు చెక్‌పోస్ట్ తెరిచి ఉంది, ఏది మూశారు, ఈ సమాచారం ఏ రోజు ఏ గంటకి రాసింది, ఇవన్నీ ఉండాలి. “గుమిగూడే చోట్లకు వెళ్లకండి” అన్నది చిన్నపిల్లలకీ తెలుసు. తెలియనిది ఏమిటంటే విమానాశ్రయం రోడ్డు ఊరేగింపు దారిలో ఉందా లేదా అన్నది. “కమర్షియల్ విమానాలు దొరుకుతుండగానే వెళ్లిపోండి” అనే మాట చెప్పాలనుకుంటే సీట్లు ఉండగా చెప్పండి. సీట్లన్నీ అయిపోయాక ఆ మాట చెబితే టెన్షన్ పెంచడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

ఇరవై నాలుగు గంటలూ మనిషి ఎత్తే ఫోన్ ఒకటి ఉండాలి. అది ఆ దేశంలో కాకుండా మీ రాజధానిలో ఉన్నా ఫరవాలేదు, ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే కలిస్తే చాలు. నమోదు చేసుకున్న ప్రయాణికులకి మెయిల్‌తో పాటు మామూలు ఎస్‌ఎంఎస్ కూడా పంపండి. మొబైల్ డేటా మాత్రమే ఆపినప్పుడు ఎస్‌ఎంఎస్ ఒక్కోసారి వెళ్తుంది. ఏ హోటల్లో మీ దేశస్థులు ఎంతమంది ఉన్నారో ఒకరిని బాధ్యుణ్ని చేసి లెక్క తీయించండి.

తరలింపు విమానం పెడితే ఖర్చెవరిదో ముందే చెప్పండి. అమెరికా చట్టం ప్రకారం ప్రభుత్వం తరలించినవాళ్లు ఆ ఖర్చు తర్వాత తిరిగి కడతామని సంతకం పెట్టాలి, 2011లో కైరో నుంచి వచ్చినవాళ్లూ అలా పెట్టారు. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కనీసం మనిషికి ముందుగా తెలుస్తుంది. చాలా దేశాల్లో ఆ స్పష్టత కూడా లేదు.

2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో పోరాటం మొదలై ఖార్టూమ్‌లో ఎంబసీలు హడావుడిగా ఖాళీ చేసినప్పుడు, వీసా కోసం ఇచ్చిన జనం పాస్‌పోర్టులు లోపలే ఉండిపోయాయి. కొన్ని తాళం వేసిన గదుల్లో మిగిలాయి, అమెరికా ఎంబసీలో ఉన్నవాటిని నాశనం చేశారు. ప్రాణాలతో దేశం దాటడానికి కావాల్సిన ఒకే ఒక్క కాగితం వాళ్ల చేతిలో లేకుండా పోయింది. పాస్‌పోర్టు చూసి కాపీ తీసుకుని వెనక్కి ఇచ్చేయండి, వీసా ముద్ర వేసేటప్పుడే మళ్లీ అడగండి. ఇది చాలా తేలికైన మార్పు, ప్రాణాలు నిలబెట్టే మార్పు.

మీకు ఎంబసీ లేని దేశాల్లో మీ పౌరుల సంగతేమిటి? యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశానికి ఎంబసీ లేనిచోట ఇంకో సభ్యదేశం ఎంబసీ సాయం చేయాలని 2015లో ఆదేశం తెచ్చుకున్నారు. పొరుగు దేశాలతో అలాంటి ఒప్పందం మీరూ చేసుకోవచ్చు. అలాగే 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం విదేశీయుణ్ని అరెస్టు చేస్తే తన రాయబార కార్యాలయానికి కబురు పెట్టుకునే హక్కు ఉందని అతనికి ఆలస్యం లేకుండా చెప్పాలి. అల్లర్లలో కెమెరాతో పట్టుబడిన పర్యాటకుడికి ఈ సంగతి తెలియదు. మీ హెచ్చరికల్లో ఒక్క వాక్యం రాయండి. రెండు పౌరసత్వాలున్నవాళ్లకి మాత్రం, రెండో దేశంలోనే చిక్కుకుంటే మీరు పెద్దగా సాయం చేయలేరన్న నిజాన్ని కూడా దాచకండి.

4. వీసా గడువు, కర్ఫ్యూ పాస్: విమానాశ్రయం మూసి ఉండగా వీసా గడువు అయిపోతే అది ప్రయాణికుడి తప్పు కాదు. నేపాల్‌లో 2025 సెప్టెంబర్ అల్లర్ల తర్వాత అలాంటివాళ్లకి జరిమానా లేకుండా వెళ్లే వీలు ఇచ్చారు. కర్ఫ్యూలో పాస్‌పోర్టు, విమానం టికెట్ చూపిస్తే విమానాశ్రయానికి వదిలారు. అలాంటి సౌకర్యాన్ని మొదటి రోజే అడిగి ఇప్పించడం రాయబారుల పని. అది జరిగిందన్న సంగతి చెక్‌పోస్ట్ దగ్గర నిలబడ్డ సైనికుడికీ, హోటల్లో కూర్చున్న ప్రయాణికుడికీ ఇద్దరికీ చేరాలి.

5. టూర్ ఏజెన్సీలకు: యూరప్‌లో 2015 ప్యాకేజీ టూర్ల ఆదేశం ప్రకారం, వెళ్లే చోట తప్పించలేని అసాధారణ పరిస్థితులు వచ్చి టూర్ బాగా దెబ్బతింటే ప్రయాణికుడు రుసుము లేకుండా రద్దు చేసుకోవచ్చు. 14 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. తిరిగి రావడం కుదరకపోతే మామూలుగా మూడు రాత్రుల దాకా బస ఖర్చు నిర్వాహకుడిదే. అలాంటి చట్టం లేని దేశాల్లో మీరే మీ ఒప్పందాల్లో రాసుకోవచ్చు. స్థానిక గైడ్ ఫోన్ నంబర్, హోటల్ ల్యాండ్‌లైన్, రెండో దారిలో బయటపడే పథకం, ఈ మూడూ బయల్దేరేముందు కాగితం మీద ఇవ్వండి. గొడవలు మొదలైన ఊళ్లో “షెడ్యూల్ ప్రకారమే” అని మెసేజ్ పెట్టే ముందు ఆ ఊళ్లో ఉన్న మీ మనిషితో ఒక్కసారి మాట్లాడండి.

6. పర్యాటకులు కానివాళ్లు: చిక్కుకున్నది సెలవులకి వెళ్లినవాళ్లే అన్నట్టు వార్తలు వస్తాయి. కూలిపనికి వెళ్లినవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, విద్యార్థులు ఇంకా ఎక్కువమంది ఉంటారు. వాళ్లలో చాలామంది పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటుంది. తరలింపు జాబితా ఆన్‌లైన్ ఫారం నింపినవాళ్లతోనే మొదలైతే వీళ్లు ఎప్పటికీ చివరే. వాళ్లుండే బస్తీలకి, హాస్టళ్లకి మీ మనుషుల్ని పంపండి.

ఇవన్నీ అమలయ్యేలోపు ఎవరో ఒకరు ప్రయాణం చేస్తూనే ఉంటారు. మీ హెచ్చరికల్లో కనిపించని కొన్ని సంగతులు వాళ్ల కోసం ఇక్కడే రాస్తున్నాను. ఈ భాగాన్ని మీ వెబ్‌సైట్లలో అలాగే పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

వెళ్లక తప్పకపోతే ఆ దేశపు చిన్న నోట్లు కొన్ని రోజులకి సరిపడా దగ్గర ఉంచుకోండి, అన్నీ ఒకే జేబులో పెట్టకండి. రోజూ వేసుకునే మందులు అనుకున్నదానికి రెండింతలు తీసుకెళ్లండి, చీటీతో సహా. ఎంబసీ నంబర్, హోటల్ చిరునామా అక్కడి భాషలో, ఇంట్లోవాళ్ల నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే అందులో ఉన్నవి ఏవీ గుర్తుండవు. ఆ ఊరి మ్యాప్ ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పాస్‌పోర్టు కాపీ, వీసా పేజీ కాపీ వేరే సంచిలో ఉండాలి.

హోటల్ ఎంచుకునేటప్పుడు పార్లమెంటు, పార్టీ ఆఫీసులు, పెద్ద కూడలి, టీవీ స్టేషన్, పోలీసు ప్రధాన కార్యాలయం దగ్గర వద్దు. గది రెండో అంతస్తు పైన, ఆరో అంతస్తు లోపు అడగండి. కింది నుంచి తేలిగ్గా చొరబడలేరు, మంటలొస్తే నిచ్చెన అందుతుంది. గదిలో దిగగానే మెట్లు ఎటున్నాయో నడిచి చూడండి. కాల్పుల శబ్దం వింటే కిటికీ దగ్గరికి వెళ్లి వీడియో తీయాలనిపిస్తుంది. వెళ్లొద్దు, కిటికీ లేని గోడ పక్కన కూర్చోండి.

దారిలో ఊరేగింపు ఎదురైతే, అది ఎంత శాంతంగా ఉన్నా, పక్క వీధిలోకి తిరిగి దూరంగా వెళ్లిపోండి. ఎదురు నడవకండి, పరుగెత్తకండి. సైనికుల్ని, చెక్‌పోస్టుల్ని, వంతెనల్ని ఫొటో తీయకండి. పార్టీ రంగులు, సైనిక దుస్తుల్లా కనిపించే బట్టలు వేసుకోవద్దు. టాక్సీలో, హోటల్లో ఎవరు ఎంత స్నేహంగా అడిగినా ఏ పక్షం మంచిదన్నది చెప్పొద్దు. చెక్‌పోస్ట్ దగ్గర ఫోన్ తీసి చూస్తారు. అందులో మీరు ఫార్వర్డ్ చేసిన వీడియో ఒక్కటి చాలు, మిమ్మల్ని దించేయడానికి. రాత్రి ప్రయాణం మానుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, వెళ్లిపోవాలా ఉండాలా అన్న నిర్ణయానికి గుర్తులు ముందే పెట్టుకోండి. రాజధానిలో కర్ఫ్యూ పెట్టినా, ఇంటర్నెట్ ఆపినా, విదేశీ సంస్థలు తమ సిబ్బంది కుటుంబాల్ని పంపేస్తున్నా, రోడ్డు సురక్షితంగా ఉంటే ఆ రోజే బయల్దేరాలి. రోడ్డు సురక్షితం కాకపోతే కదలకుండా లోపల ఉండటమే మేలు. ఈ రెండిటి మధ్య ఊగిసలాడుతూ సామానుతో నడిరోడ్డు మీద చిక్కుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. విమానాశ్రయం ఒక్కటే దారి అనుకోవద్దు. సరిహద్దు దగ్గరగా ఉంటే ఏ చెక్‌పోస్ట్ తెరిచి ఉందో, అవతలి దేశం వీసా అడుగుతుందో లేదో ముందే కనుక్కోండి. 2024లో ఢాకా నుంచి చాలామంది విద్యార్థులు రోడ్డు దారినే బయటపడ్డారు. 2023లో ఖార్టూమ్ జనం బస్సుల్లో 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి పోర్ట్ సూడాన్ చేరారు. దారి దూరమైనా ముందే తెలిసుంటే సగం భయం తగ్గుతుంది.

ప్రయాణికులు ఇవన్నీ పాటించినా మీ బాధ్యత మీకు ఉంటుంది. మందులు రెండింతలు తీసుకెళ్లినవాళ్లకి కూడా ఎంబసీ ఫోన్ ఎత్తే మనిషి కావాలి. జాగ్రత్తపడి టూర్ మానుకున్నవాళ్లకి కూడా వాళ్ల డబ్బు వాళ్లకి రావాలి.

ఈ ఆరు అంశాల మీద ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏది ఎప్పటినుంచి చేస్తారో తేదీ వేసి చెప్పండి. ఏదైనా కుదరదంటే కుదరదనే రాయండి, ఎందుకు కుదరదో కూడా రాయండి. వచ్చిన ప్రతి జవాబునూ ఉన్నది ఉన్నట్టు ప్రజల ముందు పెడతాను. ఎవరు జవాబివ్వలేదో కూడా చెబుతాను. అక్క, బావగారి క్లెయిమ్ విషయం వేరుగా వినియోగదారుల న్యాయస్థానంలో అడుగుతున్నాం, దాన్ని ఈ లేఖతో కలపొద్దు.

ఇట్లు,
అల్లర్లలో చిక్కుకుని తిరిగొచ్చిన ఒక కుటుంబం తరఫున